మూడో పేజీ

"ఏమోయ్, ఆ గుడ్డు సంగతి ఏ పేజీలో ఉంది?"

అద్దం ముందు నిలబడి గొంతు సవరించుకుంటూ కేకేశాడు భర్త. వంటింట్లో ఆమె దోసకాయ చెక్కు తీస్తోంది. "మూడో పేజీ చివర," అంది.

"ఇంత చిన్న అక్షరాలేమిటి? స్టేజీ మీద తడుముకుంటే నా పరువేం కాను?"

నాలుగు పేజీలు. పది రోజులు బస్సులో మోకాళ్ళ మీద బ్యాగు, బ్యాగు మీద కాగితం పెట్టుకుని రాసింది. కుదుపులకు అక్షరాలు వంకరపోతే ఇంటికొచ్చి మళ్ళీ దిద్దింది. చాకిరీ ఈమెది, పరువు ఆయనది!

సంగతేమిటంటే, ఆ బడిలో ఏడాది పొడవునా జబ్బు పేరు చెప్పి ఒక్కరోజూ మానని పిల్లలు ఇద్దరే. ఇద్దరూ ఈ ఇంటి ఆడపిల్లలే, పెద్దదీ చిన్నదీ. బడి పెద్ద టీచరు ముచ్చటపడి, ఉద్యోగాలు చేసుకుంటూ పిల్లల తిండీ ఆరోగ్యం ఎలా చూసుకుంటున్నారో వచ్చి తోటి తల్లిదండ్రులకు చెప్పమంది. ఆ ముక్క ఈమె ఇంట్లో చెప్పిందో లేదో, అత్తగారు అందుకుంది. "నీకు నలుగురిలో నోరు పెగలదు కదే! వాణ్ణి మాట్లాడమను. వాడు మైకు పట్టుకుంటే ఆ కళే వేరు."

కళకేం తక్కువ? ఆయన ఉద్యోగమే అది. కంపెనీలో కొత్తగా చేరినవాళ్ళకు సరుకు అమ్మడానికి ఎలా మాట్లాడాలో నేర్పుతాడు. ఈమె పని నోటితో కాదు, సూదితో. ఆసుపత్రి ల్యాబులో రక్తం తీస్తుంది. నరం దొరకని ముసలివాళ్ళు, పెద్దగా ఏడ్చే పసివాళ్ళు, సూది చూస్తేనే కళ్ళు తేలేసే మగవాళ్ళు, అందరూ ఈమె కోసమే అడుగుతారు. "నొప్పి తెలియకుండా తీసే అక్క ఉందా?" అని. పోయిన వారం ల్యాబు డాక్టరమ్మ పిలిచి, "పొద్దుటి షిఫ్టుకి నిన్ను ఇన్‌ఛార్జిని చేద్దామనుకుంటున్నాను. పరగడుపున వచ్చే జనమంతా అప్పుడే. సోమవారం నుంచి ఆరింటికల్లా ఉండాలి. ఎనిమిది మంది నీ కింద పనిచేస్తారు. శనివారం సాయంత్రంలోగా ఏ సంగతీ చెప్పు" అంది. ఆ రోజు బస్సు దిగి ఇంటిదాకా నడిచిందో ఎగిరిందో ఆమెకే తెలియదు. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే చెప్పేసింది.

"నీ ఇష్టం," అన్నాడు భర్త, టీవీ మీంచి చూపు తిప్పకుండా. "నేనెప్పుడైనా వద్దన్నానా? కానీ పొద్దున్నే పిల్లల తిండి ఎవరు చూస్తారు? ముందది చెప్పు."

"నా మోకాళ్ళ మీద మాత్రం ఆశ పెట్టుకోకు," అంది అత్తగారు.

నీ ఇష్టం! పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆ మాట ఎన్నిసార్లు విన్నదో. నైట్ కోర్సు చదువుతానన్నప్పుడూ నీ ఇష్టమే. స్నేహితురాళ్ళతో రెండు రోజులు ఊరెళ్తానన్నప్పుడూ నీ ఇష్టమే. ఆ మాట వెనకే ఒక 'కానీ' నడిచి వస్తుంది, ఆ 'కానీ' చేతిలో ఎప్పుడూ పిల్లల టిఫిను డబ్బాలుంటాయి. వాటికి జవాబు చెప్పలేక ప్రతిసారీ తనే మాట వెనక్కి తీసుకునేది. ఎవరూ వద్దనలేదు కదా, ఇంక ఎవరి మీద అరుస్తుంది? ఈసారీ అంతే. "క్షమించండి డాక్టరమ్మా, నాకు కుదరదు" అని శనివారం పొద్దున్నే ఫోనులో రాసి పెట్టుకుంది. పంపబోతే వేలు కదల్లేదు. సభ అయ్యాక పంపుదాంలే అనుకుంది.

మధ్యాహ్నం బడి హాలు కిటకిటలాడింది. రెండొందల మంది ఉంటారు. పిల్లలు ముందు నేల మీద, పెద్దలు కుర్చీల్లో. అత్తగారి పక్కన కూర్చుంది ఆమె. భర్త స్టేజీ ఎక్కాడు. అబ్బ, ఏం చెప్పాడు! రాత్రే నానేసే గింజలు, ఆదివారమే తరిగి డబ్బాల్లో సర్దే కూరగాయలు, మందుల పెట్టెలో ఏ సీసా ఏ వరసలో ఉండాలో, టీకా తేదీలు తలుపు వెనక అంటించడం, అన్నీ గడగడా. ఇక మూడో పేజీ చివరికొచ్చేసరికి హాలంతా పకపకా నవ్వింది. "మా చిన్నది పచ్చసొన చూస్తే ఏడుపు లంకించుకుంటుంది. అందుకని దాన్ని పిసికి, కాస్త మిరియాల పొడి కలిపి, రొట్టె లోపలివైపు రాసి మూసేస్తాం. లొట్టలేసుకుంటూ తింటుంది!"

ఆ రొట్టె కనిపెట్టడానికి ఆమెకు మూడు నెలలు పట్టింది. చిన్నది విసిరేసిన గుడ్లు ఎన్నని, కడుక్కున్న గోడలెన్నని! అయినా తన మాటలకు అంతమంది నవ్వుతుంటే ఆమెకు లోపల గిలిగింతలు పెట్టినట్టుంది. నావే, ఆ మాటలు నావే అనుకుంది.

అప్పుడు మూడో వరసలో, భుజాన పసిపిల్లని వేసుకుని, ఫ్యాక్టరీ యూనిఫాంలోనే వచ్చిన ఒకావిడ లేచింది. "బాగా చెప్పారు సార్. చిన్న డౌటు. పొద్దున్నే ఇదంతా మీ ఇంట్లో ఎవరు చేస్తారు?"

ఆయన ఒక్కసారి ఈవైపు చూసి ఉంటే సరిపోయేది. చూడలేదు. చప్పట్ల వేడిలో ఉన్నాడు.

"నేనేనండి!" అన్నాడు. "మా ఆవిడ కూడా ఉద్యోగం చేసి అలిసిపోతుంది పాపం. పొద్దుటి పనంతా నా చేతుల మీదే. తండ్రులం మనం ఆమాత్రం చెయ్యకపోతే ఎలా?"

హాలు దద్దరిల్లింది. ఆమెకు ఒళ్ళు భగ్గుమంది. అరికాలి మంట నెత్తికెక్కింది. పదకొండేళ్ళ తెల్లవారుజాములు ఒక్క మాటతో మాయమైపోయాయి. ఏడుపొచ్చింది. సరిగ్గా అప్పుడే ఆ మాట మళ్ళీ చెవిలో మోగింది. పొద్దుటి పనంతా నా చేతుల మీదే. అంటే? ముందది చెప్పు అన్నాడు కదా ఆ రోజు. ఇదిగో, తనే చెప్పేశాడు! రెండొందల మంది సాక్షులుండగా! ఏడుపు ఎటుపోయిందో, నవ్వు తన్నుకొచ్చింది. లేచి నిలబడింది.

"ఏంటే, కూర్చో!" అని అత్తగారు మోచెయ్యి పట్టుకుంది. విడిపించుకుని, వరస చివరిదాకా నడిచి మైకు అడిగి తీసుకుంది. నలుగురిలో నోరు పెగలదన్నారు. పెగిలింది.

"నమస్కారమండీ. ఆ ఇంటి ఆవిడ నేనే. మావారు మాట ఇస్తే తప్పరు. అసలు ఆ ధైర్యంతోనే సోమవారం నుంచి ఆసుపత్రి ల్యాబులో పొద్దుటి ఇన్‌ఛార్జిగా చేరుతున్నాను. ఐదున్నరకే ఇల్లు వదలాలి. మామూలుగా అయితే ఏ తల్లికైనా పిల్లల తిండి ఏమవుతుందో అని బెంగ ఉంటుంది. నాకా బెంగ లేదు. ఆయనున్నారు."

ముందుగా చప్పట్లు కొట్టింది యూనిఫాం ఆవిడ. తర్వాత హాలంతా. ముందు వరసలోంచి పెద్దది లేచి, "నాన్నా, నీకు స్టవ్ వెలిగించడం వచ్చా?" అంది.

"వచ్చమ్మా," అన్నాడాయన, చెమట తుడుచుకుంటూ. "వచ్చు."

ఆమె అక్కడే, గోడ పక్కన నిలబడి, ఫోను తీసి పొద్దుటి మాటలు చెరిపేసింది. "వస్తున్నాను డాక్టరమ్మా" అని పంపింది.

గేటు దాటగానే భర్త అందుకున్నాడు. "నలుగురిలో అలా ఇరికిస్తావా నన్ను?"

"మీరన్నదానికే కదండీ అవునన్నాను! లేదంటే మీ పరువేం కాను?"

ఆయన గబగబా ముందుకు నడిచాడు. అత్తగారు ఆమెతోపాటే వెనకబడి నడిచింది. తర్వాత మెల్లగా, "పొద్దున్నే వాణ్ణి నిద్ర లేపడం నా వల్ల కాదు. నువ్వే లేపి పో," అంది. కొంగు నోటికడ్డం పెట్టుకుందేమో, నవ్వుతోందో దగ్గుతోందో తెలియలేదు.

సోమవారం ఆరూముప్పావు. కౌంటరు ముందు పరగడుపు జనం బారులు తీరారు. ఎనిమిది మందీ తలో బల్ల దగ్గర ఉన్నారు. ఆమె ఒక పెద్దాయన చేతికి పట్టీ బిగిస్తుండగా ఫోను మోగింది. చేతులకు గ్లవ్స్ ఉండటంతో పక్కనున్న కొత్తమ్మాయి దాన్ని ఆమె చెవికి ఆనించింది.

"ఏమోయ్! చిన్నది గుడ్డు విసిరికొట్టింది! పచ్చసొన గోడంతా! ఏడుపు ఆపట్లేదు, బస్సొచ్చే టైమయింది, ఏం చెయ్యను?" వెనక గిన్నె దొర్లిన చప్పుడు. ఈసారి అత్తగారిది నవ్వే, అనుమానం లేదు.

ఆమె పెద్దాయన మోచేతి మడతలో నరం కోసం వేలితో మెత్తగా వెతికింది. దొరికింది.

"మూడో పేజీ చివర చూడండి," అంది. "శనివారం ఎంత బాగా చదివారో!"