మూలమట్టానికి లొంగని గోడ

దాసన్న కొయ్య పలక అంచుకు మూలమట్టం ఆనించి పెన్సిలుతో గీత గీశాడు. మట్టాన్ని బోర్లా తిప్పి, అదే చోట ఇంకో గీత గీశాడు. రెండూ ఒకదాని మీద ఒకటి పడి ఒకే గీతయ్యాయి. మట్టం సరిగ్గానే ఉందన్నమాట. నిన్నా సరిగ్గానే ఉంది, మొన్నా సరిగ్గానే ఉంది. అయినా పొద్దున్నే ఈ పరీక్ష కానిదే అతను టీ కూడా తాగడు.

మూల సరిగ్గా ఉందో లేదో చూసే పనిముట్టు అది: అడుగు పొడవు స్టీలు స్కేలు, దాని మీద అటూ ఇటూ జరిగే ఇనుప దిమ్మె, దిమ్మెను కావలసిన చోట బిగించడానికి చిన్న మర. కుర్రతనంలో కడపలో పని నేర్చుకుంటూ కొన్నది. మొదటి మూడంగుళాల్లో అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. ఆ భాగాన్ని దాసన్న బొటనవేలితో చదువుతాడు.

బద్వేలులో వేణుగోపాల్ శెట్టి తలుపుల కార్ఖానాలో అతని పని గీతలు గీయడమే. దిమ్మెను రెండంగుళాల దగ్గర బిగించి, స్కేలు కొసకు పెన్సిలు ఆనించి, రెండింటినీ కలిపి లాక్కుంటూ పోతాడు. పలక పొడవునా వెంట్రుకంత గీత పడుతుంది. దాసన్న గీతకు తిరుగులేదని శెట్టి వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెబుతాడు. దాసన్న అన్నం తిన్నాడో లేదో మాత్రం ఏనాడూ అడిగిన పాపాన పోలేదు.

“అన్నా, గీసినావా?” అని రంపం దగ్గర్నుంచి ఓబులేసు వస్తాడు.

“ఆఁ.”

ఓబులేసు పలక ఎత్తుకుపోతాడు. రోజంతా కలిపి దాసన్నతో మనుషులు మాట్లాడేది ఇంతే. మధ్యాహ్నం వెనక రేకుల గదిలో ఒక్కడే కూర్చుని సంగటిముద్ద, ఊరిబిండి తింటాడు. కంచం పీటకు సరిగ్గా నడుమన లేకపోతే ముద్ద ముట్టడు. ఆ చోద్యం చూసి నవ్వడానికైనా ఆ గదిలో ఇంకో మనిషి లేడు.

నవ్వే మనిషి ఒకప్పుడు ఉండేది. భార్య సిద్దమ్మ. పెళ్లయ్యాక దాసన్న పత్తికొండలో ఆమె పుట్టింట్లోనే కాపురమున్నాడు. ఆ ఇల్లు మామ రాయి మీద రాయి పెట్టి తన చేతులతో కట్టుకున్నది. నడిమింటి వాకిలికి తలుపు లేదు, పాత చీర గుడ్డ వేలాడేది. మామ పోయిన నెలకు, తలుపు చేద్దామని దాసన్న టేకు పలకలు తెచ్చి, వాకిలి మూలకు మట్టం ఆనించి చూశాడు. అడుగుకు రెండు నూలు తేడా వచ్చింది. అంగుళంలో ఎనిమిదో వంతును పనివాళ్లు నూలంటారు.

“గోడ వంకరగా ఉండాది. పీకి కట్టాల. వంకర తలుపు నేను కొయ్యను” అన్నాడు, నలుగురూ కూర్చుని ఉండగా.

“మా నాయన కట్టిన గోడ. తలుపే కొయ్యి” అంది సిద్దమ్మ.

ఆమె గోడ ముట్టనియ్యలేదు, అతను రంపం పట్టలేదు. పది రోజుల పనికని బద్వేలు వచ్చినవాడు పంతొమ్మిదేళ్లు ఇక్కడే ఉండిపోయాడు. తప్పు తనది కాదు, గోడది. రోజూ పొద్దున ఆ రెండు గీతలూ గీసుకునేది ఆ మాట మళ్లీ రుజువు చేసుకోవడానికే.

ఆ రోజు మూడు గంటలప్పుడు శెట్టి గల్లా దగ్గర్నుంచి కేకేశాడు. “దాసన్నా, నీకు ఫోనప్పా! పత్తికొండ నుంచి.”

తన పేరు మీద ఫోను రావడం అదే మొదలు. దాసన్న చేతులు పంచెకు తుడుచుకుని రిసీవరు అందుకున్నాడు.

“నేను, సిద్దమ్మను.”

గొంతు సన్నబడింది గానీ అదే గొంతు.

“నెలనాళ్లు జొరమొచ్చి పండుకున్నా. నడిమింట్లోకి చలిగాలి ఒకటే కొడ్తాండాది. గోడకు తగినట్ల తలుపు కోస్తావా, ఇంగెవరినైనా పిలిపించుకోనా?”

 దాసన్న నోటికొచ్చింది పని మాటే. “కొయ్య యాడిది?”

“నువ్వు తెచ్చిన పలకలే. అటక మీద ఉండాయి. చెద పట్టకుండా ఏటేటా దించి ఎండేస్తాండా.”

ఫోను పెట్టేసి దాసన్న తన చోటుకు వచ్చి కూర్చున్నాడు. పంతొమ్మిది ఎండాకాలాలు ఆ పలకలను ఎత్తి దించిన చేతులే కళ్ల ముందు కదిలాయి. తను ఒక్కసారి కూడా ఆ ఊరి బస్సెక్కలేదు. అతనికి సిగ్గేసింది. మిగిలిన నాలుగు పలకలకూ గీతలు గీసి, ఊరికి పోతున్నానని శెట్టికి చెప్పి, రంపం, ఉలి, చిత్రిక సంచిలో సర్దుకున్నాడు. ఎప్పుడొస్తావని శెట్టి అడిగితే తెలియదన్నాడు.

పొద్దు వాలేవేళకు, పత్తికొండ పోవడానికి కడప బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు కదలబోతుంటే ఓబులేసు రొప్పుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. చేతిలో మూలమట్టం.

“అన్నా, మట్టం మర్సిపోయినావు!”

“మర్సిపోలేదప్పా. అట్ట పెట్టి గోడ అచ్చు తీసుకొని కోస్తా. అది చేతిలో ఉంటే మళ్లా గోడదే తప్పంటా.”

బస్సు వెళ్లిపోయింది. ఓబులేసు కార్ఖానాకు తిరిగొచ్చి, దాసన్న కూర్చునే చోట, పొద్దున గీత గీసిన పలకకే మూలమట్టాన్ని నిలువుగా ఆనించాడు. దాసన్న మర వదులు చేసి పోయాడు. దిమ్మె స్కేలు మీద కిందికి జారి, కొస దగ్గర ఆగింది.