ఇన్‌షర్ట్ కింద ఒర

రఫీయుద్దీన్ మంచం మీద మూడు పిస్టల్ ఒరలు వరుసగా పరిచి, "పెట్టుకొని చూడు. ఏది మంచిగుంటదో నువ్వే చెప్పు" అన్నాడు. చీరల కొట్లో గుమాస్తాకుండే ఓపిక అతనిది. తిరుపాలుకు మాత్రం ఒంటి మీద జెర్రులు పాకుతున్నట్టుంది. కూర్చున్నాడు, లేచాడు, కిటికీ తెర సరిగ్గా మూసి ఉందో లేదో మళ్ళీ చూసి వచ్చాడు.

దోహాలోని అల్ తుమామాలో, వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ ఇంటి వెనక ఉన్న డ్రైవర్ల గది అది. తిరుపాలు ఆ ఇంటి డ్రైవరు. అతని భార్య రామసుబ్బమ్మ అదే ఇంట్లో వంటమనిషి. మిలిటరీలో పనిచేసి రిటైరైన హైదరాబాదీ రఫీయుద్దీన్ అక్కడి కాపలాకంతా పెద్ద. ఈమధ్య కఫీల్‌కు ఒక వ్యాపార భాగస్వామితో చెడింది. ఫోన్లో బెదిరింపులు మొదలయ్యాయి. ఫుట్‌బాల్ ప్రపంచకప్పు దగ్గర పడుతోంది, రోజూ విదేశాల నుంచి అతిథులు దిగుతున్నారు, ఊరి చివర కొత్తగా కట్టిన లుసైల్లో విందుల మీద విందులు. అలాంటి చోట్లకు కోటు తొడిగిన కాపలావాణ్ణి వెంటేసుకుపోతే భయపడ్డట్టు కనిపిస్తుందని ఆయన బాధ. అందుకని కారు నడిపేవాడే ఇన్‌షర్ట్ కింద పిస్టల్ పెట్టుకోవాలన్నాడు. కావలసిన అనుమతి కాగితాలన్నీ ఆయనే తెప్పించాడు.

తిరుపాలునే ఎందుకు ఎంచుకున్నారంటే, ఆ తప్పు అతని నోటిదే. కడప జిల్లాలో ఉన్నప్పుడు ఒక ముఠా నాయకుడి జీపు నడిపాడు, రివాల్వర్ పట్టుకు తిరిగాడు. ఆ సంగతి చాయ్ తాగుతూ గొప్ప కోసం రఫీయుద్దీన్ చెవిన వేశాడు. ఆ గొప్పే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

ఒప్పుకుంటే కప్పు అయిపోయాక కూడా డ్యూటీ ఉంటుంది. లేదంటే కప్పు కోసం తీసుకున్న డ్రైవర్లతో పాటు అతన్నీ ఇంటికి పంపేస్తారు, రామసుబ్బమ్మ ఒక్కతే ఇక్కడ మిగిలిపోతుంది. పెళ్ళయ్యాక సగం కాపురం ఆమె కువైట్‌లో, ఇతను ఊళ్ళో ఉండగానే గడిచిపోయింది. ఇన్నాళ్ళకు ఒకే ప్రహరీ లోపల ఉంటున్నారు. పొద్దున్నే ఆమె చేతి కాఫీ తాగుతున్నాడు. దాన్ని వదులుకోవడం తన వల్ల కాదు.

కానీ రామసుబ్బమ్మ అన్నను ఆ ముఠా గొడవలే పొట్టన పెట్టుకున్నాయి. ఆయన పోయిన ఏడే, ఇక జన్మలో ఆయుధం ముట్టనని ఆమె తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసి తిరుపాలు ఆ జీపు దిగాడు. లోకానికి కనపడకుండా దాచడం అతనికి పెద్ద పని కాదు. రామసుబ్బమ్మకు కనపడకుండా దాచాలి. చొక్కా ఉతికేది ఆమె, ఇస్త్రీ చేసేది ఆమె, బొత్తాం వదులైతే దూరం నుంచే పసిగట్టేది ఆమె.

మొదటి ఒర తోలుది. నడుముకు మెత్తగానే ఉంది గానీ, దోహా ఉక్కకు కాసేపట్లోనే చెమట తాగి కంపు మొదలైంది. ఆ కంపు బట్టలకు అంటితే ఇంక చెప్పుకోవడానికి ఏముంది? రెండోది పొట్ట చుట్టూ చుట్టుకునే వెడల్పాటి సాగే పట్టీ.

"బాలింత నడికట్టు మాదిరి ఉండాది సార్" అన్నాడు తిరుపాలు. నవ్వబోయాడు గానీ ఊపిరి అందలేదు. పైగా చొక్కా మీద దాని అంచు గీతలా తేలుతోంది.

మూడోది గట్టి ప్లాస్టిక్‌ది. ఒర ప్యాంటు లోపలికి దిగుతుంది. దాని కొక్కెం పైనుంచి వచ్చి బెల్టును పట్టుకుంటుంది. ఒరకూ కొక్కేనికీ మధ్య ఉన్న సందులోకి చొక్కా దోపుకుంటే పిస్టల్ మీద చొక్కా పరుచుకుపోతుంది.

"కుడి తుంటి బొక్క మీద వద్దు" అన్నాడు రఫీయుద్దీన్. "సీటు బెల్టు లాక్ ఆడనే ఉంటది, టైముకు చెయ్యి పోదు. జర ముందలికి జరుపు. ఎడమ చేత్తోని అంగీ గుంజు, కుడి చేత్తోని తియ్యి. యల్లా, ఇంకోసారి."

తిరుపాలు తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. చేతికి పాత పని గుర్తుంది. గుర్తున్నందుకు అతనికి అసహ్యమేసింది.

"ఈ కొక్కెం బయటికి అగుపడతాది కదా సార్."

"బెల్టు మీద ఇంత నల్ల ముక్క. ఎవడు చూస్తడు భాయ్?"

ఎవడూ చూడడు. చూసే మనిషి ఎవరో తిరుపాలు చెప్పలేదు. ఆ మూడోదే ఖాయం చేసుకున్నాడు.

మర్నాడు కఫీల్‌ను లుసైల్‌కు తీసుకుపోయాడు. రోడ్డు పొడుగునా జెండాలు కడుతున్నారు, కొత్త స్తంభాలు పాతుతున్నారు. ప్రతి సిగ్నల్ దగ్గరా పక్క కారువాడు తన నడుమే చూస్తున్నాడనిపించింది తిరుపాలుకు. కూర్చుంటే పిడి పొట్టలో పొడుస్తోంది. జరుపుకుంటే చొక్కా ఉబ్బుతోంది. కడుపునొప్పా అని కఫీల్ అడిగితే అవునన్నాడు. మధ్యాహ్నం అన్నానికి వంటింటికి పోకుండా కారు కడిగే మిషతో తప్పించుకున్నాడు. మరుసటి రోజూ అంతే. సాయంత్రం రామసుబ్బమ్మ ఫోన్ చేసింది.

"రెండు దినాలాయ, అన్నానికి రాలేదేందీ? నా వంట సయించలేదా, లేకుంటే నేనే సయించలేదా?"

ఆ మాటకు రాత్రంతా నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి తిరుపాలుకు ఒక గొప్ప ఉపాయం తట్టింది. అతని నడుముకు మొలతాడుంది. నల్లదారం దట్టంగా పేని రామసుబ్బమ్మే కట్టింది. చిన్నప్పుడు బీగంచెవి, పెద్దయ్యాక డబ్బుల సంచి, ఏది తగిలించినా మొలతాడు ఏనాడూ జారవిడవలేదు. అలాంటిది ఉండగా బెల్టు ఎందుకు? కొక్కేన్ని మొలతాడుకు తగిలించి పైన ప్యాంటు బిగించాడు. బెల్టు మీద నల్ల ముక్క మాయమైంది. అద్దంలో అటు తిరిగి ఇటు తిరిగి చూసుకుని మురిసిపోయాడు. బీగంచెవి బరువెంత, పిస్టల్ బరువెంత అన్న ఆలోచన ఆ బుర్రలోకి రాలేదు.

మధ్యాహ్నం దర్జాగా వంటింట్లోకి పోయాడు. రామసుబ్బమ్మ ముఖం వెలిగింది. కంచం పెట్టబోతూ, "ముందు ఆ బియ్యం మూట ఇట్ల జరుపు, నా వల్ల కాలేదు" అంది.

వంగి మూట ఎత్తాడు. నడుం దగ్గర ఏదో పుటుక్కుమంది. ఒర తొడ మీదుగా జారి మోకాలి దగ్గర ప్యాంటులో ఇరుక్కుంది. మూట దించి, కాలు కర్రలా చాపి నిలబడిపోయాడు.

"ఏమైంది?"

"మోకాలు పట్టేసింది. నువ్వు పో, అదే తగ్గుతాది."

"యాడికి పోయేది? ఉండు, నూనె రాస్తా."

"వద్దుమే! చెప్తే వినవేంది?"

ఆమె వినలేదు. అతని ముందు గొంతుక్కూర్చుని మోకాలు పట్టుకుంది. ఆమె చెయ్యి ప్యాంటు మీద నుంచే ఒకసారి తడిమింది, ఆగిపోయింది. పుట్టింట్లో దిండు కింద, బియ్యం గంపలో ఎన్నోసార్లు చేతికి తగిలిన వస్తువే అది. ప్యాంటు అంచు పైకి లాగి, ఒరతో సహా పిస్టల్‌ను బయటికి తీసి నేల మీద పెట్టింది. దాని కొక్కేనికి తెగిన నల్లదారం వేలాడుతోంది.

ఆమె ఆ దారాన్ని వేళ్ళతో పట్టుకుని చూసింది.

"మా అన్నకు కడపటి నీళ్ళు పోసేటప్పుడు తెంపినారు మొలతాడు. నేను ఆడనే నిలబడుండా" అంది. గొంతు పెంచలేదు. "నువ్వు పానంతో ఉండంగానే తెంపుకుంటివి."

తిరుపాలు బియ్యం మూట మీద కూలబడ్డాడు.

"నిన్ను ఇడిసిపెట్టి పోలేకమే. ఇది పెట్టుకోకుంటే కప్పు అయినాక నన్ను ఊరికి పంపిస్తారంట. మళ్ళీ నువ్వొక దేశం, నేనొక దేశం. నా చేత కాదు." చెబుతూ చెబుతూనే ఏడ్చేశాడు. "నీకు చెప్తే వద్దంటావని దాచిపెట్టినా."

రామసుబ్బమ్మ పొయ్యి కట్టేసి గోడకు ఆనుకుని నిలబడింది. తిట్టి ఉంటే తట్టుకునేవాడు. తిరుపాలు మూట మీంచి లేచాడు. చొక్కాను ప్యాంటులోంచి పూర్తిగా బయటికి లాగేశాడు. ఒరను చేతిలో పట్టుకుని, మిట్టమధ్యాహ్నపు ఎండలో, పెరడు మధ్యలోంచి నడిచాడు. మొక్కలకు నీళ్ళు పడుతున్న నేపాలీ మనిషి పైపు వదిలేసి పక్కకు తప్పుకున్నాడు.

రఫీయుద్దీన్ గదిలోంచి ఉరికొచ్చాడు.

"పాగల్ అయినవా? అందరు చూస్తుండంగ అట్ల పట్టుకొస్తవా!"

"ఇది నాకొద్దు సార్. ఏ ఒరా వద్దు. తీసుకోండి."

రఫీయుద్దీన్ గబుక్కున అందుకుని తన చొక్కా కింద దాచాడు. తిరుపాలు వెనక, వంటింటి గుమ్మంలోకి వచ్చిన రామసుబ్బమ్మ వైపు ఒకసారి చూశాడు. సంగతి కొంత అర్థమైంది కాబోలు, గొంతు తగ్గించాడు.

"సోచ్ లే భాయ్. ఇయ్యాల కాదంటే కఫీల్ కప్పు దాంక గూడ ఉంచుకోడు. టికెట్ తీసి చేతుల పెడ్తడు. నేను ఆపలేను."

"తీయనీండి సార్" అన్నాడు తిరుపాలు. వెనక్కి తిరిగి ఆమె ముఖం చూసే ధైర్యం లేదు.

వెనక నుంచి చెప్పుల చప్పుడు వచ్చి అతని పక్కన ఆగింది. రామసుబ్బమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటోంది.

"ఒక టికెట్ చాలదు సార్" అంది రఫీయుద్దీన్‌తో. "రెండు తీయమని చెప్పండి."