గుప్పెడు బావంచాలు

నేను ఒక నల్లరాతి కల్వాన్ని. నడుమ ఓ గుంట, అందులో ఓ పొత్రం, అంతే నా సొగసు. అందం గురించి నాకేం తెలుసంటారేమో! దానికోసం మనుషులు పడే పాట్లన్నీ నా గుంటలోనే పడ్డారు, కాబట్టి నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుంది.

నన్ను చెక్కినవాళ్లు ఓ నాటువైద్యుడికి అమ్మారు. ఆయన నాలో శొంఠీ నూరాడు, ఉమ్మెత్త గింజలూ నూరాడు. ఉమ్మెత్త నూరిన రోజు మాత్రం నన్ను బూడిదతో తోమి ఎండలో బోర్లించేదాకా ఇంట్లో ఎవరినీ తాకనిచ్చేవాడు కాదు. ఆయన పోయాక, తెనాలిలో అదే వీధిలో ఉండే హైమావతి నన్ను తెచ్చుకుంది. వైద్యుడి భయం మాత్రం ఆవిడ వెంట రాలేదు.

హైమావతి సున్నిపిండి చేసి ఇరుగుపొరుగుకు ఇచ్చేది. కూతురు చిత్రలేఖకు ఓ పద్ధతి పెట్టింది. పొద్దున పెసరపిండితో మొహం కడగడం, ఆరాక కాస్త కలబంద గుజ్జు, పడుకోబోయే ముందు ఓ చుక్క నువ్వులనూనె. చక్కటి పద్ధతి, కాదనను. అక్కడితో ఆగి ఉంటే నాకీ కథే లేదు.

చిత్రలేఖ గాజుల కొట్టులో కౌంటరు దగ్గర పనిచేసేది. ఎంత బిరుసు చేతికైనా నొప్పి తెలియకుండా గాజులెక్కించేదట. ఆ పనంటే ఆ పిల్లకు ప్రాణం. కంటిపక్కన చిల్లర బిళ్లంత తెల్లమచ్చ లేవగానే యజమాని ఆమెను లోపలికి పంపి పెట్టెలు కట్టమన్నాడు. ధర్మాత్ముడే పాపం, పని తీసెయ్యలేదు, మొహం ఒక్కటే వద్దన్నాడు.

డాక్టరు పూతమందిచ్చి, తగ్గడానికి నెలలు పడుతుందనీ, సొంతంగా ఏమీ రాయొద్దనీ చెప్పాడు. చిత్రలేఖకు మళ్లీ కౌంటరు ఎక్కాలన్న తొందర, తల్లికి అంతకు రెండింతలు. ఆ ట్యూబు బీరువాలోకి పోయింది.

"చెట్టుదేగా అమ్మలూ, ఏమవుద్ది?" అంది హైమావతి.

బావంచాలంటే నల్లటి చిన్న గింజలు. సున్నిపిండిలో చిటికెడు వేస్తారు. బొల్లి మచ్చకు రంగు తెస్తాయని ఎవరో అన్నారు. చిటికెడు మంచి చేస్తే గుప్పెడు ఇంకెంత చేస్తుందో అన్నది మనుషుల లెక్క కదా! పెసరపిండి ఊసే లేకుండా గుప్పెడు గింజలు నాలో పోసి నూరింది. నేను గరగరలాడాను, నాకున్న నోరు అదొక్కటే. ఇంకా మెదగలేదనుకుని ఆవిడ మరింత గట్టిగా తిప్పింది.

ముద్ద పట్టించి, ఎండ తగిలితేనే రంగు దిగుతుందని, మిట్టమధ్యాహ్నం పిల్లను డాబా మీద కూర్చోబెట్టింది. మండుతోందమ్మా అంటే, మండితేనే పనిచేస్తున్నట్టు అంది. మర్నాటికి చెంపంతా బొబ్బలెక్కి కన్ను మూసుకుపోయింది. ఆసుపత్రిలో పుండైతే మానింది గాని, కాలినంతమేరా తెల్లబడింది. బిళ్లంత మచ్చ అరచేయంత అయింది.

చిత్రలేఖ కట్లు విప్పించుకుని ఇంటికొచ్చిన రోజు హైమావతి మిగిలిన గింజలు నూరింది. నన్ను చంకనెత్తుకుని డాబా ఎక్కి, తన చెంపకే మెత్తుకుని, సూర్యుడికి ఎదురుగా కూర్చుంది. నా ఒళ్లు కాగిపోతోంది. ఆవిడ కదలలేదు.

కాసేపటికి చిత్రలేఖ వచ్చి చూసింది. చెంబుతో నీళ్లు తెచ్చి తల్లి మొహం కడగబోయింది. హైమావతి ఆ చెయ్యి తోసేసింది.

"కాలనివ్వవే నన్ను. నీ మొహం కాల్చిన దాన్ని."

"నువ్వూ మొహం దాచుకుంటే, కొట్టు దాకా నా పక్కన నడిచేదెవరమ్మా?"

అప్పుడు ఏడ్చింది హైమావతి, చిన్నపిల్లలా. చిత్రలేఖ ఆ ముద్దంతా వేళ్లతో తుడిచి కడిగింది.

మరుసటి సోమవారం ఇద్దరూ కలిసి కొట్టుకు వెళ్లారు. చిత్రలేఖ మొహానికి చున్నీ చుట్టుకోలేదు. యజమాని మళ్లీ లోపలికే చూపించాడు. ఆ పిల్ల ఇప్పటికీ పెట్టెలే కడుతోంది.

నన్ను పెరట్లో నీళ్ల డ్రమ్ము కింద ఎత్తు కోసం పెట్టారు. ఎన్ని వానలు కడిగినా ఆ గింజల వాసన పోలేదు. పొద్దున్నే తల్లీ కూతుళ్లు నా పక్కన నిలబడి ఉత్త నీళ్లతో మొహాలు కడుక్కుంటారు. తరవాత హైమావతి చెప్పులేసుకుని గుమ్మం దగ్గర కూతురి కోసం నిలబడుతుంది.