తీసేయాల్సిన పేర్లు

పంజాగుట్ట పెళ్లిళ్ల బ్యూరోలో నలభై వేల పేర్లు కొత్త కంప్యూటర్‌లోకి ఎక్కుతున్నాయి. చనిపోయినవాళ్లను వదిలేయడానికి ప్రోగ్రామర్ నవీన రాసిన ట్రిగ్గర్ అనే చిన్న ప్రోగ్రాం ఒక్కో పేరునూ ఆపి చూస్తోంది. అందుకే ఆలస్యం.

"పొద్దుగాల సంది గిదేనా? పగటీలి బువ్వ యాళ్లకు గాకుంటే రేపటి సంది రాకు," అన్నాడు యజమాని రాఘవేందర్.

"జరుగు మేడమ్. అమీర్‌పేట కంప్యూటర్ కోచింగుల ఏం నేర్చినవ్?" అంటూ తోటి ప్రోగ్రామర్ అజీమ్ ట్రిగ్గర్ ఆపేశాడు.

"గట్లయితే ఎక్కినంక పోయినోళ్ల పేర్లు తనిఖీ చెయ్యాలె భాయ్!" అంది నవీన.

"నువ్వే చేసుకో."

ఐదు నిమిషాల్లో పేర్లన్నీ ఎక్కాయి. రాఘవేందర్ వెంటనే ఆ జాబితాలోని ఓ ఇంటికి ఫోన్ కలిపి, మంచి సంబంధం ఉందన్నాడు.

"మా బిడ్డ పోయి ఏడాదైంది. ఎవరికి చూపిస్తవ్?" అని అటునుంచి తల్లి అరిచింది.

రాఘవేందర్ అజీమ్ వైపు చూశాడు. అజీమ్ నవీనను చూపించాడు. "ప్రోగ్రాం ఆమెది."

నవీన ఫోన్ తీగ పీకేసి కంప్యూటర్ ముందు కూర్చుంది.

"ఎవర్నడిగి పీకినవ్?" అన్నాడు రాఘవేందర్.

"రేపటి సంది రాను. ఇయ్యాల ఇంకో తల్లికి ఫోన్ పోకముందే గీ పోయినోళ్ల పేర్లు తీసేసే పోత."