పడుకునే పట్టా, దారిచ్చే పట్టా

“రైలు పట్టాకి ఇన్ని పేర్లేంటోయ్? రెండు ఇనప కమ్మీలు, కింద దిమ్మలు. పట్టా అంటే పట్టాయే కదా!” అన్నారు మా ఆయన, నా భుజం మీంచి తొంగి చూస్తూ, నలిగిన చొక్కా ఒకటి నా కంప్యూటర్ మీద పడేసి.

చొక్కా అక్కడే ఎందుకు పడిందంటే, నా ఆఫీసు ఇస్త్రీ బల్ల కాబట్టి. భోజనాల బల్ల ఆయన ఫైళ్ళది, పడగ్గదిలో బల్ల అత్తయ్య మందులది. ఇంట్లో ఎవరికీ చెందని చదునైన జాగా ఇదొక్కటే మిగిలింది. దీని మీద కంప్యూటర్ పెట్టుకుని నేను మా నగరం కింద తవ్వుతున్న మెట్రో కాగితాలని ఫ్రెంచిలోంచి ఇంగ్లీషులోకి మారుస్తుంటాను. ఫ్రెంచి నాకెలా వచ్చిందని అడిగితే నవ్వుతారు. కాలేజీలో రెండో భాష ఎంచుకోమన్నప్పుడు ఆ క్లాసు గదిలో మాత్రమే ఫ్యాను తిరుగుతోంది. గాలి కోసం వెళ్ళి కూర్చున్నదాన్ని, భాషతో మనసు కలిసిపోయింది. చుట్టాలొచ్చి “అమ్మాయి ఏం చేస్తుంది?” అంటే మా ఆయన “ఏదో, ఇంట్లోనే, కాస్త టైపింగు” అంటారు. ఆ ‘కాస్త’ అనే మాట అంత మెత్తగా గుచ్చే సూది నేనింకోటి చూడలేదు.

ఈసారి వచ్చిన పని పట్టాల రకాలు. ఏ పట్టాని ఏమనాలో తేల్చే జాబితా అది. సొరంగంలో రాసే బోర్డులకీ, డ్రైవర్లు చదివే నియమాల పుస్తకానికీ అదే ఆధారం. మా మేనేజరు తొందరమనిషి. అసలు దారికి పక్కనున్న ప్రతి పట్టాకీ ‘సైడింగ్’ అని ముందే రాసేసి, “కొంచెం సరిచూడమ్మా” అని నాకు పంపారు. సరిచూడటం మొదలుపెట్టాక నాకు అన్నం సయించలేదు. ఫ్రెంచివాళ్ళు వేరే వేరే పేర్లు పెట్టుకున్నవాటిని ఈయన ఒక్క గంపలో పోసేశారు.

నాకో పద్ధతుంది. మా అమ్మ సంబంధాలు కుదర్చడంలో దిట్ట. “పిల్ల బాగుంది, పిల్లాడు బాగున్నాడంటే సరా? ఎక్కణ్ణించి వచ్చారు, ఏ గడపలోకి పోతున్నారు, మధ్యలో ఎవరితో రాకపోకలు? ఇవి కనుక్కోకుండా మాట ఇవ్వకూడదే” అనేది. నేను ప్రతి పట్టానీ అలాగే ఆరా తీస్తాను. నువ్వెక్కడ విడిపోయావు తల్లీ? మళ్ళీ కలుస్తావా, గోడకి కొట్టుకుని ఆగిపోతావా? నీ మీద జనం ఎక్కిన రైలొస్తుందా, ఖాళీదా? అడిగితే ఒక్కోటీ నోరు విప్పుతుంది. ‘రెమిజాజ్’ పట్టా అంటే పని అయిపోయిన రైళ్ళు పడుకునేది. ‘ఎవిత్‌మాఁ’ పట్టా అంటే వెనకొచ్చే రైలుకి దారిచ్చి ఒక రైలు కాసేపు పక్కకి ఒదిగేది. మొదటిది పక్క, రెండోది పక్కకి జరగడం. రెండూ ఎలా ఒకటవుతాయి?

ఈ ఆరాలు పైకే గొణుక్కుంటానేమో, పక్కన కూరగాయలు తరిగే అత్తయ్యకి కూడా రుచి తగిలింది. “అమ్మాయ్, ఆ దారిచ్చే పట్టా సంగతి తేలిందా? పాపం, ఎప్పుడూ అదే ఒదగాలా?” అనడిగేది.

“అంతేనత్తయ్యా, కాసేపే. తర్వాత మళ్ళీ అసలు దారిలో కలుస్తుంది.”

“కలిస్తే మంచిదే. నేను ఒదిగాను, ఇంకా కలవలేదు” అని పకపకా నవ్వేది. ఆవిడ నవ్వుకి తరుగుతున్న ముక్కలు చెదిరిపోయేవి.

నేను మేనేజరుకి ఫోన్ చేసి అలా ఒకటే పేరు పెడితే కుదరదన్నాను. “ఎందుకమ్మా మెలికలు? ఆదివారం ఫ్రెంచి ఇంజనీర్లు సొరంగం చూస్తున్నారు. నేను వెళ్ళి జాబితా చదివి వినిపించేస్తాను. సాయంత్రానికి అచ్చుకి పోతుంది.”

“నేనొచ్చి చెప్తానండీ.”

ఆయన అసలు సంగతి బయటపెట్టారు. “వచ్చి ఒప్పిస్తే మరి సొరంగం పక్క ఆఫీసులో రోజూ కూర్చోవాల్సి వస్తుంది. మెట్రోవాళ్ళు మనిషి కావాలని అడుగుతూనే ఉన్నారు. నీకు ఇంట్లో హాయిగా ఉంది కదా అని నేనే చెప్పలేదు.”

నాకు హాయిగా ఉందని ఆయనకి ఎవరు చెప్పారో! ఆదివారం వెళ్ళకపోతే నా మాటలూ పోతాయి, ఆ ఆఫీసు కుర్చీ కూడా పోతుంది. అది అర్థమైన క్షణంలోనే ఇంకోటి గుర్తొచ్చింది. ఆదివారం మా వదిన, మా ఆయన అక్కయ్య, కుటుంబంతో సహా భోజనానికి వస్తోంది.

“అక్కయ్య వస్తుంటే నువ్వు సొరంగంలో దూరతావా? ఒక్కపూట వంటే కదా, చేసేసి వెళ్ళు” అన్నారు మా ఆయన.

“ఒక్కపూట వంటే కదా, మీరు చేసెయ్యండి” అన్నాను. కోపంగా అనలేదు, నవ్వుతూనే అన్నాను. నవ్వుతూ అంటే ఆయనకి ఎటు తిరిగి పోట్లాడాలో తెలీదు.

“నాకేం వచ్చు?”

“వచ్చేదాకా అత్తయ్య కుర్చీలో కూర్చుని చెప్తారు.”

“చెప్పడం వరకే” అంది అత్తయ్య, మోకాళ్ళు రాసుకుంటూ. “గరిటె ముట్టుకోను. నీకు నడక నేర్పింది నేనేరా, అప్పుడు కూడా నీ బదులు నడవలేదు.”

ఆదివారం నాకు రెండు సైజులు పెద్ద బూట్లిచ్చారు, నెత్తిన పచ్చ టోపీ పెట్టారు. మెట్లు దిగుతుంటే చల్లటి తడి సిమెంటు వాసన. ఇన్నాళ్ళూ కాగితం మీద పలకరించిన పట్టాలన్నీ దీపాల కింద తళతళలాడుతూ వరసగా కనిపించాయి. పెళ్ళిచూపులకి ముందు ఉత్తరాల్లో మాత్రమే తెలిసిన మనుషుల్ని మొదటిసారి చూసినట్టు, నాకు ఒక్కోదాన్నీ “నువ్వేనా?” అనాలనిపించింది. ఎవరూ చూడకుండా ఒకదాన్ని చేత్తో తాకాను కూడా.

మేనేజరు ‘సైడింగ్, సైడింగ్’ అని చదువుకుంటూ పోతుంటే నేను ఆపాను. మా ఊరి పొలం దారే గుర్తొచ్చింది. అదే ఇంగ్లీషులో చెప్పాను. “సన్నటి దారిలో ఎదురు బండి వస్తే పక్కకి దిగి దారిచ్చే చోటొకటి ఉంటుంది. సాయంత్రం బండి విప్పి ఎద్దులకి గడ్డి వేసే చోటు వేరే ఉంటుంది. రెంటికీ ఒకటే పేరు పెట్టి, కొత్తగా వచ్చిన జీతగాడికి ‘బండి అక్కడ విప్పు’ అని చెప్పామనుకోండి. తెల్లారేసరికి దారి నిండా బళ్ళు, తిట్లు. అందుకని పడుకునేది ‘స్టేబ్లింగ్ ట్రాక్’. దారిచ్చేది ‘పాసింగ్ లూప్’.”

తల నెరిసిన ఫ్రెంచి ఇంజనీరమ్మ పగలబడి నవ్వింది. పక్కనే ఉన్న మెట్రో చీఫ్ ఇంజనీరు “రెండూ మార్చండి” అన్నాడు. మేనేజరు పెన్ను తీశారు.

అంతటితో అయిపోతే ఊరికే గెలిచినట్టుండేది. ఇంజనీరమ్మ, ఒక్కో పట్టా పక్కనా నేనడిగిన ప్రశ్నలు రాసుకున్న నా కాగితాలు తీసుకుని, దీపం కింద నిలబడి, వేలు పెట్టి ఒక్కో మాటా చదివింది. ఒక చోట ఆగి, “ఇది తప్పు” అంది. రెండు మార్గాలని కలిపే పట్టాని నేను ‘బ్రాంచ్ లైన్’ అన్నాను. దాని మీద జనం ఎప్పుడూ ప్రయాణం చేయరట, మరమ్మతుకెళ్ళే ఖాళీ రైళ్ళే పోతాయట. “కనెక్టింగ్ ట్రాక్ అను. నువ్వు దాన్ని ‘ఖాళీయా, జనమా’ అని అడగడం మర్చిపోయావు.” నా పద్ధతి నాకే అప్పజెప్పింది!

సిగ్గుపడాలి నిజానికి. కానీ నా గుండె గంతులేసింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ నా వంటకి వంకలు పెట్టినవాళ్ళున్నారు, నా నడకకీ నా నవ్వుకీ పెట్టినవాళ్ళున్నారు. నేను రాసిన మాటని మాత్రం తప్పు పట్టేంత శ్రద్ధగా చదివినవాళ్ళు ఇదే మొదలు. “కాస్త టైపింగు”లో తప్పు ఎవరు వెతుకుతారు? పనిలోనే వెతుకుతారు. పైకొచ్చే మెట్ల మీద చీఫ్ ఇంజనీరు “రేపట్నించి రాగలరా?” అంటే, ఇంట్లో అడిగి చెప్తాననే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, “వస్తాను” అన్నాను.

ఇంటికొచ్చేసరికి అందరి భోజనాలూ అయిపోయాయి. వదిన సోఫాలో కూర్చుని, “రా మరదలా, మా తమ్ముడి చేతి అన్నం తిన్న భాగ్యం నీవల్ల దక్కింది. అందరం బతికే ఉన్నాం” అంది. అత్తయ్య కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మా ఆయన భుజాన తువ్వాలుతో, మొహం నిండా చెమటతో వంటింటి గుమ్మంలో నిలబడి, “నీకు విడిగా తీసిపెట్టాను” అన్నారు.

ఫైళ్ళు జరిపి ఆయనే కంచం పెట్టారు. తిన్నాను. ఆబగా తినలేదు, ఒక్కో ముద్దా నమిలి, ఆలోచించి తిన్నాను. ఆయన కుర్చీ వెనకే నిలబడి, పరీక్ష రాసిన పిల్లాడిలా నా దవడ వంకే చూస్తున్నారు.

“ఎలా ఉంది?”

“అన్నం బాగుంది. కూర కాస్త అడుగంటింది, మంట తగ్గించి మూత పెట్టాల్సింది. రేపు ఉప్పు సగమే వెయ్యండి.”

“అలాగే” అని ఆయన గిన్నె అందుకుని రెండడుగులు వేశారు. గుమ్మంలో ఆగిపోయారు.

“రేపా?”