ఖాజీ అనుకున్నాను

కుళాయి కింద తెల్లకోటు కాలర్ రుద్దుతున్నాను. నెత్తిన చేపల బుట్టతో పోతున్న ముసలామె ఆగి, నావైపు చూసి "పోలె న కాజి" అంది. ఇక్కడి వాళ్ళ భాషలో దవా, దునియా, కితాబు మా ఉర్దూలో లాగే వినబడుతుంటే పొంగిపోతుంటాను. ఇదీ అట్లాంటిదే అనుకున్నాను. ఆదోనిలో నా నికా చదివించిన ఖాజీ సాబ్‌తో టాంజానియాలో చేపలమ్మే మనిషికేం పని అని నవ్వొచ్చింది.

నా దగ్గర నర్సింగ్ చదివే మ్వనైదికి ఆ సంగతి చెబితే పడీపడీ నవ్వింది. కాజి అంటే పని అట. ఎవరైనా పని చేస్తూ కనబడితే, అయ్యో, కష్టపడుతున్నారే అని ఆ మాట చెప్పి గానీ ముందుకు పోరట. తెలిసినవాళ్ళకేనా అని అడిగాను.

"తెలియక్కర్లేదు టీచర్. పని చేస్తూ కనబడితే చాలు" అంది.

తడి కోటు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఇట్లాంటి మాట ఒకటి లోకంలో ఉందా? మా మామ ఉస్మాన్ సాబ్ మంచాన పడినప్పుడు, నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పి ఇంటికొచ్చి ఆయన్ను కడిగి, పక్క మార్చి, గంజి తాగించింది నేను. "నర్సువే కదా, నీకిది కొత్తనా" అనేవాడు మా ఆయన మోయిన్. మామ పోయిన రోజు మోయిన్ పనిచేసే పత్తి మార్కెట్టంతా వచ్చి "నాయిన్ని శానా బాగా చూసుకుంటివప్పా" అని ఆయన భుజం తట్టింది. అది వింటూనే అందరికీ టీ పోశాను. అప్పుడు నాకు కోపం కూడా రాలేదు. ఇప్పుడు నా కోపమంతా, అప్పుడెందుకు రాలేదనే.

నేను ఇక్కడికి బయల్దేరేటప్పుడు కూడా "జీతమియ్యరంట, ఊరికే పని చేసేకి అంత దూరం పోవల్లనా" అన్నాడు. ఒక్క టర్మే కదా అని నచ్చజెప్పి వచ్చాను.

మర్నాడు వార్డు తుడుస్తున్న ఆమెకు పెద్ద డాక్టరు ఆగి ఆ మాట చెప్పడం చూశాను. ఆయన వెనకాలే నేనూ తడబడుతూ చెప్పాను. ఆమె నవ్వి నాకూ బదులు చెప్పింది.

టర్మ్ అయిపోవస్తుండగా ప్రిన్సిపాలమ్మ నా క్లాసుకు వచ్చి, ఇంకో టర్మ్ ఉంటారా, మీకిష్టమైతేనే అని అడిగింది. నా ఇష్టాన్ని అట్లా ఎదురుగా నిలబడి అడిగేసరికి ఇంకేం ఆలోచించలేదు. ఉంటానన్నాను.

ఫోన్లో మోయిన్ చాలాసేపు ఇంటి కష్టాలు ఏకరువు పెట్టాడు. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులట, హోటల్ కూడు పడటం లేదట. అన్నీ విన్నాను. చివరికి అసలు మాట అన్నాడు.

"నన్ను అడగకుండా ఎట్ల ఒప్పుకుంటివి?"

"ఆమె అడిగింది నన్ను కదా" అన్నాను.