టాపు మీది సీటు

కంబదూరుకు ఆరు మైళ్లు అవతల ఉన్న ఆ పల్లెకు పొద్దున ఏడు గంటలకు ఒక జీపు వచ్చేది. కల్యాణదుర్గం పోవాలంటే అదొక్కటే ఆధారం. అది 2002వ సంవత్సరం. జీపు ఆగగానే ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పనక్కరలేదు. డ్రైవరు పక్కన పొలాలున్న పెద్దలు. వెనక బెంచీల మీద వాళ్ల ఇంటి ఆడవాళ్లు, కోర్టుకో పెళ్లికో పోయే ఇస్త్రీ బట్టల వాళ్లు. చెనక్కాయల మిల్లుకు కూలికి పోయేవాళ్లు మాత్రం వెనకనున్న నిచ్చెన పట్టుకుని టాపు మీదికి ఎక్కేవారు. లోపల బెంచీ ఖాళీగా ఉన్న రోజున కూడా పైకే ఎక్కేవారు. ఇది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు. రాసిపెట్టని నియమాలకే మన దగ్గర గౌరవం ఎక్కువ.

ఆ జీపు నరసింహప్పది. కల్యాణదుర్గంలో ఆయనకు ఇనుప సామాన్ల అంగడి, దాని వెనక వెల్డింగు షెడ్డు ఉండేవి. చెడ్డమనిషి కాదు. ఎవరి కష్టం విన్నా దానికి తన షెడ్డులో ఏం చేయవచ్చునా అని ఆలోచించే మనిషి. ఒకరోజు జీపు తోలే తిప్పేస్వామి వచ్చి, గుంతలో చక్రం పడి మారెక్క టాపు మీద నుంచి జారబోయిందనీ, పక్కవాళ్లు చీరకొంగు పట్టి లాగారనీ చెప్పాడు. మారెక్క మిల్లులో చెనక్కాయ విత్తనాలు ఏరే మనిషి. నలభై ఏళ్లుంటాయి. మొగుడు తిప్పయ్య గొర్రెల వెంట తిరిగేవాడు, వానలు లేక మందలో సగం సంతకు పోయింది. ఇప్పుడు ఆ ఇల్లు నడిచేది మారెక్క చేతుల మీదే. రాళ్లూ పుచ్చులూ తీసేసి మంచి గింజలు ఏరడంలో ఆమెను మించినవాళ్లు మిల్లులో లేరు.

ఆ వారంలోనే ఆ పల్లె బడిలో పనిచేసే పుష్పావతి టీచరు ఒక అర్జీ పట్టుకుని నరసింహప్ప అంగడికి వచ్చింది. ఊరికి బస్సు వేయమని అర్జీ. అప్పటికే యాభై మంది వేలిముద్రలు వేశారు. పట్నంలో పలుకుబడి ఉన్న నరసింహప్ప సంతకం కూడా ఉంటే డిపోవాళ్లు కదులుతారని ఆమె ఆశ.

నరసింహప్ప కాగితమంతా చదివి, మడిచి తిరిగి ఇచ్చేశాడు.

"బస్సు ఏమిటికి టీచరమ్మా? మన రోడ్డు చూస్తే వాళ్లు రారు. ఒక నెల తాళు. టాపు మీద సీట్లు చేయిస్తాండా. పడేది ఉండదు, జారేది ఉండదు."

బస్సు వస్తే తన జీపు ఎవరెక్కుతారన్న ఆలోచన ఆయనకు రాలేదని చెప్పలేము. కాకపోతే దాన్ని తనకే వినపడనంత మెల్లగా అనుకున్నాడు.

సీటు మాత్రం శ్రద్ధగా చేశాడు. మనుషులు ఎక్కినప్పుడు నిలబడాలి, సాయంత్రం మూటలు వేసినప్పుడు టాపుకు అతుక్కుని పడుకోవాలి. అందుకని గొట్టం పైపులతో నలుగురు పట్టే బెంచీ చేసి, బందులు వేసి టాపు ముందు భాగంలో బిగించాడు. పాత ట్యూబు కోసి మెత్తగా పరిచాడు. మన గాలీ దుమ్మూ తెలిసినవాడు గనుక, మొహాన కొట్టకుండా సీటును వెనకవైపుకు తిప్పి పెట్టాడు. జారకుండా పొట్టకు అడ్డంగా ఒక కమ్మి పెట్టి, రెండు వైపులా చీలలు బిగించాడు. ఊరి బయట దారి మీదికి వంగిన చింతకొమ్మ ఒకటుంది. మునుపు అది రాగానే ముందు కూర్చున్నవాడు "మానొచ్చె" అని అరిచేవాడు, అందరూ ఎందుకైనా మంచిదని టాపు మీద బోర్లా పడుకునేవారు. నరసింహప్ప స్వయంగా పోయి టేపుతో కొలిచాడు. సీట్లో కూర్చున్నవాళ్ల తలకూ కొమ్మకూ మధ్య ఇంకా జానెడు ఎడముంది. ఇక ఎవరూ వంగే పనే లేదని సంతోషపడ్డాడు.

మొదటిరోజు మారెక్క ఎక్కి కూర్చుంది. తిప్పేస్వామి చీలలు బిగిస్తుంటే నవ్వింది. "పెండ్లికూతురు మాదిరి కూకోబెట్టినారప్పా. బాసికమొగటే తక్కువ."

ఊరంతా నరసింహప్పను మెచ్చుకుంది. ఆ మెప్పులోనే ఇంకొకటి జరిగింది, దాన్ని ఎవరూ గమనించలేదు. టీచరు అర్జీ పట్టుకుని వస్తే, "సీటుండాది గదమ్మా, ఇంగ బస్సెందుకు" అని జనం తప్పుకున్నారు. ఒకరోజు జ్వరంతో ఉన్న మారెక్క లోపల ఖాళీగా ఉన్న బెంచీ మీద కూర్చోబోతే, అందులోని పెద్దమనిషి మంచిగానే చెప్పాడు. "పైన నీ సీటుండాది గదా మారెక్కా." ఆమె నిచ్చెన పట్టుకుంది. మునుపు పైకి ఎక్కడం ఒక గతి. ఇప్పుడది ఒక ఏర్పాటు అయింది.

ఎండాకాలంలో కరువు పనులు వచ్చాయి. ఊరి రోడ్డుకు మన్ను, గరుసు పోసి ఎత్తు చేయమన్నారు. మిల్లు లేని రోజులు గనుక మారెక్క కూడా గంప ఎత్తింది. చింతమాను కింద పల్లంగా ఉండేది, అక్కడ మూరెడు మందాన పోశారు. పని జరిగినన్నాళ్లు జీపు పక్క చేను మీదుగా పోయింది. రోడ్డు మూరెడు లేచిందంటే కొమ్మ మూరెడు కిందికి వచ్చినట్టేనని గంపలెత్తినవాళ్లు అనుకోలేదు, కొలిచిన నరసింహప్పా అనుకోలేదు. టేపు పట్టి ఒకసారి కొలిచినవాడు, ఆ కొలత ఎల్లకాలం ఉంటుందని నమ్ముతాడు.

విత్తనాలకు మిల్లు తెరిచిన పొద్దున, కొత్త రోడ్డు మీద జీపు హుషారుగా పోయింది. టాపు వెనక భాగంలో సంచుల మీద కూర్చున్నవాళ్లు ముందుకు చూస్తున్నారు గనుక కొమ్మ వాళ్లకు కనిపించింది. "వంగండి" అని అరిచారు. సీట్లోని నలుగురికీ కనిపించేది దాటివచ్చిన దారే. అయినా అరుపు విని వంగబోయారు. పొట్టకు అడ్డంగా ఉన్న కమ్మి వంగనివ్వలేదు. ముగ్గురికి వీపులు గీరుకుపోయాయి. కొమ్మ బాగా దిగిన వైపు చివర కూర్చున్నది మారెక్క. దెబ్బ మెడ మీద తగిలింది.

ప్రాణం దక్కింది. అనంతపురం పెద్దాసుపత్రిలో రెండు నెలలుంది. ఖర్చంతా నరసింహప్పే పెట్టుకున్నాడు, ఆదివారం తప్పకుండా పోయి చూసి వచ్చాడు. ఆమె ఇంటికి వచ్చేనాటికి మెడ తిరిగింది గానీ కుడిచేయి భుజం నుంచి కిందికి చచ్చుబడిపోయింది. గింజను పట్టే వేళ్లు గింజను మరిచిపోయాయి.

నరసింహప్ప ఆ పల్లెకు వెళ్లాడు. తిప్పయ్య మంచం వాల్చి, నీళ్లిచ్చి, గొర్రెల దగ్గరికి పోయాడు. నరసింహప్ప నీళ్లు తాగి చెంబు కింద పెట్టాడు. ఆ తర్వాత, మాట్లాడడానికి తనకు తెలిసింది అదొక్కటే గనుక, సీటు సంగతి ఎత్తాడు. ఈసారి ఎత్తు తగ్గిస్తాననీ, కమ్మి చేత్తో తోస్తే ఊడేటట్టు చేయిస్తాననీ చెప్పాడు.

మారెక్క కోపగించుకోలేదు. ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి ఒళ్లో పెట్టుకుంది.

"ఒగ మాట అడుగుతా అప్పా. నువ్వు ఆ సీట్లో కూకోని ఎన్ని తూర్లు పోయినావు?"

ఒక్కసారి కూడా పోలేదు. జీపు షెడ్డులో నిలబడి ఉన్నప్పుడు ఒకసారి ఎక్కి కూర్చుని, మెత్త సరిపోయిందా అని చూశాడు. అంతే.

"మీ ఇంటామె?"

"లేదు."

"నువ్వు చెడ్డోనివని నేను అనను. మేము పడకుండా చూసినావు. మేము లోపలెందుకు కూకోకూడదని నీకు తట్టలేదు. మాకు గూడా తట్టలేదులే, నిన్నంటే ఏమొస్తుంది."

తిరిగి పోయేటప్పుడు నరసింహప్ప ముందు సీట్లో కూర్చోలేదు. నిచ్చెన పట్టుకుని టాపు ఎక్కాడు. తిప్పేస్వామి వద్దంటున్నా కమ్మికి చీలలు వేయించుకుని, కొమ్మకు పది గజాల ఇవతల ఆపమని చెప్పి బయలుదేరమన్నాడు. వెనక్కి పోతున్న దారి తప్ప ఏమీ కనపడలేదు. ఎదురుగా ఏమొస్తుందో తెలియక ఆయన భుజాలు వాటంతటవే బిగుసుకున్నాయి. జీపు ఆగింది. వంగి చూశాడు. కమ్మి పొట్టలోకి దిగింది. ఇంకొంచెం బలంగా వంగాడు. శ్రద్ధగా చేసిన పని, ఎక్కడా కదలలేదు.

మరునాడు ఆయనే టీచరును వెతుక్కుంటూ బడికి వెళ్లి అర్జీ అడిగాడు. పుష్పావతి కాగితం తీసిచ్చింది. "వేసంగికి ముందే డిపోకు పోయి వచ్చినానన్నా. ఆ ఊరికి జీపుండాది, పైన సీట్లు గూడా ఉండాయంట గదా, తొందరేముందని పంపించినారు" అని మాత్రం చెప్పింది. నరసింహప్ప సంతకం పెట్టాడు. సీటు కోయించాడు. ముందు వచ్చినవాళ్లు ముందు లోపల కూర్చోవాలని తిప్పేస్వామికి చెప్పాడు, టాపు మీద మనిషిని ఎక్కించవద్దన్నాడు. కొందరు పెద్దలు అలిగి జీపు మానేశారు. ఆయన బతిమాలలేదు.

అర్జీల వెంట ఆయన తిరగ్గా తిరగ్గా రెండేళ్లకు బస్సు వచ్చింది. అందులో మారెక్క మిల్లుకు పోలేదు, ఆమెకు మిల్లులో పని లేదు. బస్సు వచ్చిన రోజు ఊరివాళ్లు పూలదండ తెచ్చి నరసింహప్ప మెడలో వేయబోయారు. ఆయన దాన్ని చేత్తో ఆపి, అందరికీ వినపడేటట్టు చెప్పాడు.

"దండ వద్దు. ఈ బస్సు రెండేండ్ల ముందే వచ్చేది, నేను ఆపినా. ఒగ ఆడమనిషి చెయ్యి పోయినాక నాకు తెలివొచ్చింది. మీరన్నా గుర్తుపెట్టుకోండప్పా. మనం కూకోడానికి ఒప్పుకోని చోట ఇంగొకర్ని కూకోబెట్టి, కింద మెత్త వేసినంత మాత్రాన అది మేలు కాదు."